అరచేతి తెరకు ఎన్ని గడియలు? ఆరుబయటికి ఎన్ని గడియలు?

దినమును మన పూర్వులు 60 గడియలుగా విభజించారు. ఒక గడియ అనగా 24 నిమిషాలు. నిద్ర, స్నానపానాదులు, ఉద్యోగం, రాకపోకలు, ఇంటిపనులు, వీటన్నిటికీ పోగా గృహస్థునికైనా, గృహిణికైనా తన ఇష్టప్రకారం గడుపుకొనుటకు మిగిలేది ఏడెనిమిది గడియలకు మించదు. అనగా సుమారు మూడు గంటలు. పాలవాని ఖాతా, పచారీ కొట్టు ఖాతా నెలనెలా సరిచూసుకొనే కుటుంబాలలో కూడా ఈ మూడు గంటల ఖర్చును లెక్క చూసుకొనేవారు అరుదు.

ఒకప్పుడు ఈ కాలం అరుగు మీద, పెరటిలో, వీధి చివర రావిచెట్టు కింద, గుడి మండపంలో, వేసవి రాత్రులలో డాబా మీద గడిచేది. నేడు అందులో అధికభాగం అరచేతిలోని తెర మీద గడుస్తున్నది. ఫేస్‌బుక్ 2004లోను, వాట్సాప్ 2009లోను, ఇన్‌స్టాగ్రామ్ 2010లోను పుట్టాయి. మన దేశంలో 2016 తరువాత ఇంటర్నెట్ ధర బాగా తగ్గడంతో ఇవి పట్టణం, పల్లె అనే భేదం లేకుండా ఇంటింటికీ చేరాయి. బడిపిల్లవాని మొదలు తాతగారి వరకు అందరి చేతులలోను అదే తెర.

సామాజిక మాధ్యమాలను నిందించడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. ఒక గడియ కాలం తెర ముందు గడిపినప్పుడు మన ఇంద్రియాలకు, మనస్సుకు ఏమి జరుగుతున్నది, అదే గడియ చెట్టు నీడలో గడిపినప్పుడు ఏమి జరుగుతున్నది అనే రెంటినీ పక్కపక్కన ఉంచి చూడడమే ఇందలి ప్రయత్నం. ఈ పోలికకు కావలసిన కొలబద్ద ఆయుర్వేదంలో ఏనాడో సిద్ధంగా ఉన్నది.

ఇంద్రియాలకు కూడా ఆహారం ఉన్నది

రోగాలకు మూల కారణాలు మూడని చరకసంహిత చెబుతున్నది. మొదటిది అసాత్మ్యేంద్రియార్థ సంయోగం, అనగా ఇంద్రియాలు తమకు సరిపడని విషయాలతో కలియడం. రెండవది ప్రజ్ఞాపరాధం, అనగా బుద్ధి, నిగ్రహం, స్మృతి దారి తప్పి, తెలిసి తెలిసి తప్పు చేయడం. మూడవది పరిణామం, అనగా కాలధర్మం వలన కలిగే వికారం.

వీటిలో మొదటిదానిని చరకుడు మూడు విధాలుగా విడదీశాడు. ఇంద్రియాన్ని అతిగా వాడడం అతియోగం. బొత్తిగా వాడకపోవడం అయోగం. వాడరాని రీతిలో వాడడం మిథ్యాయోగం. కంటి విషయంలో ఆయన చూపిన ఉదాహరణలు నేటి పాఠకునికి ఆశ్చర్యం కలిగిస్తాయి. మిక్కిలి కాంతిగల వస్తువులను అతిగా చూడడం అతియోగమట. మరీ దగ్గరగా ఉన్నవానిని, భయం గొలిపేవానిని, వింతైనవానిని, అసహ్యమైనవానిని, వికృతమైనవానిని చూడడం మిథ్యాయోగమట. చెవి విషయంలో కఠోరమైన మాటలు, అవమానకరమైన మాటలు, ఆత్మీయుల నాశనాన్ని తెలిపే వార్తలు వినడం మిథ్యాయోగంగా చెప్పాడు.

రాత్రి పదిన్నరకు దీపం ఆర్పి, మంచం మీద ఒరిగి, ముఖానికి జానెడు దూరంలో సెల్‌ఫోన్ పట్టుకొన్న మనిషిని ఈ మాటలతో పోల్చి చూడండి. చీకటి గదిలో వెలుగుతున్న తెర అతియోగం. ఒక ప్రమాద దృశ్యం, ఒక కొట్లాట, ఒక వింత రోగం, ఎవరో ఎవరినో తిట్టిన తిట్టు, ఇవన్నీ నిమిషానికి ఒకటి చొప్పున కళ్ళ ముందు నుంచి పోవడం మిథ్యాయోగం. ఆ సమయంలో ముక్కుకు వాసన లేదు, చర్మానికి గాలి లేదు, పాదానికి నేల లేదు, కంటికి దూరపు చూపు లేదు. ఇది అయోగం. మూడు దోషాలూ ఒకే వస్తువులో, ఒకే వేళలో కలిసి రావడం ఇదివరలో అరుదు.

ఇంద్రియాలు తమ విషయాలతో తగుమాత్రంగా, తగిన రీతిలో కలియడాన్ని సమయోగం అన్నారు. తోటలో కూర్చున్న మనిషికి కన్ను దగ్గరి ఆకునూ చూస్తుంది, దూరపు కొమ్మనూ చూస్తుంది. చెవికి పిట్ట కూత, ముక్కుకు మట్టివాసన, చర్మానికి చల్లగాలి. ఏ ఒక్కటీ అతి కాదు, ఏ ఒక్కటీ పస్తు ఉండదు. తెరకూ తోటకూ ఉన్న అసలు భేదం ఇదే.

ఆపకూడనివి ఆపుతున్నాం, ఆపవలసినవి విడుస్తున్నాం

చరకసంహిత సూత్రస్థానంలో ఏడవ అధ్యాయం వేగాలను గురించినది. మూత్రం, మలం, ఆకలి, దప్పిక, ఆవులింత, కన్నీరు, నిద్ర మొదలైన 13 సహజ వేగాలను బిగబట్టరాదని, బిగబడితే రోగాలు కలుగుతాయని అందులో చెప్పబడింది. అదే అధ్యాయం మరికొన్ని వేగాలను తప్పక అణచుకోవాలని కూడా చెబుతున్నది. అవి లోభం, శోకం, భయం, క్రోధం, అహంకారం, ఈర్ష్య, అతిరాగం వంటి మనోవేగాలు. మాట విషయంలో కఠినమైన మాట, అతిగా మాట్లాడడం, చాడీ, అసత్యం, సమయం కాని సమయంలో మాట్లాడడం అణచుకోవలసిన వేగాలు.

సెల్‌ఫోన్ చేతబట్టి కూర్చున్నప్పుడు ఈ రెండు పట్టికలూ తలకిందులవుతాయి. ‘ఈ ఒక్కటి చూసి లేస్తాను’ అంటూ మూత్రాన్ని ఆపుకొంటాం. ఆవులింతలు వస్తున్నా నిద్రను వాయిదా వేస్తాం. పిల్లలు ఆకలి, దప్పిక కూడా మరచిపోతారు. మరోవైపు అణచుకోవలసిన వేగాలకు తలుపులు బార్లా తెరుస్తాం. బంధువుల కొత్త ఇల్లు, స్నేహితుల విదేశయాత్ర చూసి ఈర్ష్య. ఎవరి అభిప్రాయమో చదివి క్రోధం. నిజమో కాదో తెలియని వార్తను పదిమందికి పంపే తొందర. అర్ధరాత్రి రాసిన పరుష వాక్యం. సామాజిక మాధ్యమాల వలన ఆరోగ్యానికి కలిగే చెరుపును ఇంతకంటె సూక్ష్మంగా చెప్పడం కష్టం.

‘మంచిది కాదని తెలిసినా ఎందుకు వదలలేకపోతున్నాం?’ అని చాలామంది అడుగుతారు. తెలిసి తెలిసి చేసే ఈ పనికే ప్రజ్ఞాపరాధమని పేరు. అయితే నేరమంతా మనిషి నిగ్రహానిదే కాదు. పుస్తకానికి ఆఖరి పుట ఉంటుంది, వార్తాపత్రికకు ఆఖరి పేజీ ఉంటుంది. ఈ తెరకు అడుగు లేదు. వేలితో తోసినకొద్దీ కొత్తది వస్తూనే ఉంటుంది. పైగా తరువాత వచ్చేది బాగుంటుందో బాగుండదో ముందుగా తెలియదు. ప్రతిఫలం ఎప్పుడు వస్తుందో తెలియనప్పుడే ప్రాణి ఆ పనిని మరింత పట్టుదలగా చేస్తుందని అమెరికన్ మనస్తత్వ శాస్త్రజ్ఞుడు బి.ఎఫ్. స్కిన్నర్ పావురాలపై చేసిన ప్రయోగాలలో గమనించాడు. జూదగాడు లేవలేకపోవడానికి, మనం తెరను వదలలేకపోవడానికి కారణం ఒకే జాతికి చెందినది.

శరీరం చెల్లించే మూల్యం

కళ్ళు: సాధారణంగా మనిషి నిమిషానికి 15 నుండి 20 సార్లు రెప్పలార్చుతాడు. తెరను తదేకంగా చూసేటప్పుడు ఇది సగానికన్న తక్కువకు పడిపోతుంది. కన్నీటి పొర ఆరిపోయి మంట, ఎరుపు, ఇసుక పడినట్లు గరగర కలుగుతాయి.

మెడ: తల బరువు సుమారు 5 కిలోలు. తల నిటారుగా ఉన్నప్పుడు మెడ ఎముకలు ఆ బరువునే మోస్తాయి. తల 60 డిగ్రీలు ముందుకు వంగినప్పుడు మెడపై పడే భారం 27 కిలోల వరకు ఉంటుందని 2014లో ఒక అమెరికన్ శస్త్రవైద్యుడు లెక్కగట్టాడు. మెడనొప్పి, భుజాల బిగువు, తలనొప్పితో వచ్చేవారు మొదట తమ కూర్చునే భంగిమను సరిచూసుకోవలెను.

నిద్ర: ఆహారం, నిద్ర, బ్రహ్మచర్యం అనే మూడింటిని శరీరానికి ఉపస్తంభాలని, అనగా ఊతకంబాలని ఆయుర్వేదం చెబుతున్నది. రాత్రి జాగరణ శరీరంలో రూక్షతను, వాతాన్ని పెంచుతుంది. ఆధునిక పరిశోధన ఇదే విషయాన్ని వేరే భాషలో చెబుతున్నది. నిద్రకు ముందు అయిదు రాత్రులపాటు వెలిగే తెర మీద చదివినవారిలో, అచ్చు పుస్తకం చదివినప్పటికంటె, నిద్రను సూచించే మెలటోనిన్ ఆలస్యంగా ఊరిందని, నిద్ర పట్టడానికి సుమారు 10 నిమిషాలు ఎక్కువ పట్టిందని 2015లో ప్రచురితమైన అమెరికా పరిశోధన తెలిపింది. అక్కడ చదివినది ప్రశాంతమైన పుస్తకం. క్రోధం, భయం కలిగించే దృశ్యాలు చూసిన మనస్సుకు వెలుతురుతోబాటు ఉద్రేకం కూడా తోడవుతుంది.

చెట్టు నీడలో జరిగేదేమిటి?

ప్రకృతి సాన్నిధ్యం మేలు చేస్తుందని చెప్పడానికి పరిశోధన అవసరమా అనిపించవచ్చు. కాని ఎంత మేలు, ఎంత కాలంలో అన్నది తెలిస్తే ఆచరణ సులభమవుతుంది.

అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో ఒక ఆసుపత్రిలో పిత్తాశయ శస్త్రచికిత్స చేయించుకొన్న 46 మంది రికార్డులను రోజర్ ఉల్రిచ్ అనే శాస్త్రజ్ఞుడు పరిశీలించి 1984లో ఫలితాలు ప్రకటించాడు. వారిలో సగం మంది గది కిటికీ నుండి చెట్లు కనిపించేవి. మిగిలిన సగం మందికి ఇటుక గోడ కనిపించేది. చెట్లు కనిపించినవారు ముందుగా ఇంటికి వెళ్ళారు, తీవ్రమైన నొప్పిమందులు కూడా తక్కువగా వాడారు. వారు చెట్టు కిందికి పోలేదు, మంచం మీద నుండి చూశారు, అంతే.

రేచెల్ కాప్లాన్, స్టీఫెన్ కాప్లాన్ అనే దంపతులు దీనికి ఒక వివరణ ఇచ్చారు. ఏకాగ్రత రెండు విధాలు. ఒకటి ప్రయత్నించి నిలిపేది. లెక్కలు వేసేటప్పుడు, వాహనం నడిపేటప్పుడు వాడేది. ఇది అలసిపోతుంది. రెండవది ప్రయత్నం లేకుండా దానంతట అది నిలిచేది. కదిలే మబ్బును, పారే నీటిని, ఊగే ఆకును చూసేటప్పుడు కలిగేది. ఈ రెండవది పనిచేస్తున్నంతసేపు మొదటిది విశ్రమిస్తుంది. తెర కూడా ప్రయత్నం లేకుండానే చూపును పట్టుకొంటుంది గదా అని సందేహం రావచ్చు. నిజమే, కాని అది పట్టుకొన్న చూపును వదలదు. ఆలోచనకు చోటు మిగల్చదు. మబ్బును చూస్తూ మన సంగతి మనం ఆలోచించుకోవచ్చు. తెరను చూస్తూ ఆలోచించుకోలేం. అందుకే తెర ముందు గంట గడిపిన తరువాత ‘విశ్రాంతి తీసుకొన్నాను’ అనిపించదు.

2008లో మిషిగన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు కొందరిని సుమారు 50 నిమిషాలు వృక్షవనంలోను, మరొకసారి రద్దీ వీధులలోను నడిపించారు. వృక్షవనంలో నడిచిన తరువాత అంకెలను తలకిందుగా చెప్పే జ్ఞాపకశక్తి పరీక్షలో వారు మెరుగుపడ్డారు. వీధి నడకతో ఆ మేలు కనబడలేదు. 2019లో ప్రచురితమైన మరొక పరిశోధన, ప్రకృతి మధ్య 20 నుండి 30 నిమిషాలు గడిపినప్పుడు ఒత్తిడిని సూచించే కార్టిసాల్ అన్నిటికన్న వేగంగా తగ్గుతుందని కనుగొన్నది. ఈ 20, 30 నిమిషాల నడుమ ఉన్నది సరిగా మన పూర్వుల ఒక గడియ.

వారానికి ఎంత కాలం చాలు? ఇంగ్లండులో సుమారు 20,000 మందిని ప్రశ్నించి 2019లో ప్రకటించిన అధ్యయనంలో, వారానికి 120 నిమిషాలు ప్రకృతి మధ్య గడిపేవారు తమ ఆరోగ్యం, మనఃస్థితి బాగున్నాయని ఎక్కువగా చెప్పారు. ఒకేసారి గడిపినా, కొంచెం కొంచెంగా గడిపినా భేదం కనబడలేదు. 120 నిమిషాలు అనగా అయిదు గడియలు. ఆరోగ్యవంతులే ఎక్కువగా బయట తిరుగుతారు గనుక ఈ ఫలితాన్ని పూర్తిగా ప్రకృతి ఖాతాలో వేయరాదు. అయినా గురిగా పెట్టుకొనుటకు ఇది మంచి సంఖ్య.

పిల్లల విషయంలో ఆధారం మరింత గట్టిది. చైనాలోని గ్వాంగ్‌ఝౌ నగరంలో ఒకటవ తరగతి పిల్లలకు కొన్ని పాఠశాలలలో రోజూ అదనంగా 40 నిమిషాల ఆరుబయటి తరగతి ఏర్పాటు చేశారు. మూడేళ్ళ తరువాత, 2015లో ప్రకటించిన ఫలితాల ప్రకారం, ఆ పిల్లలలో 30.4 శాతం మందికి హ్రస్వదృష్టి వచ్చింది. మామూలు పాఠశాలలలో 39.5 శాతం మందికి వచ్చింది. ఇందులో మందు లేదు, ఖర్చు లేదు. గదిలోని దీపాల వెలుగు సాధారణంగా 300 నుండి 500 లక్సులు మాత్రమే. బయట పగటి వెలుగు నీడలో కూడా దానికి ఎన్నో రెట్లు, ఎండలో లక్ష లక్సుల వరకు ఉంటుంది. ఎదిగే కన్ను ఈ వెలుగును, దూరపు చూపును కోరుతుంది. మన పిల్లలకు బడిలో, ట్యూషన్‌లో, ఇంట్లో కూడా గది వెలుగే దక్కుతున్నదని తల్లిదండ్రులు గమనించవలెను.

తూకం న్యాయంగా వేద్దాం

తెర అంటే విషమని చెప్పడం అతిశయోక్తి. 2019లో ఆక్స్‌ఫర్డు పరిశోధకులు లక్షలాది కౌమార వయస్కుల వివరాలు పరిశీలించి, వారి మనఃస్థితిలోని హెచ్చుతగ్గులలో డిజిటల్ సాధనాల వాడకం వివరించగలిగినది 0.4 శాతానికి మించదని తేల్చారు. సగటున చూస్తే ప్రభావం చిన్నది. కాని సగటులో ఎక్కువ వాడేవారు, తక్కువ వాడేవారు కలిసిపోతారు. రోజుకు మూడు గంటలకు పైగా సామాజిక మాధ్యమాలలో గడిపే పిల్లలకు మానసిక సమస్యల ముప్పు రెట్టింపని 2023లో అమెరికా సర్జన్ జనరల్ హెచ్చరించారు. ఆస్ట్రేలియా ప్రభుత్వం 2024లో చట్టం చేసి, 2025 డిసెంబరు 10 నుండి 16 ఏళ్ళలోపు పిల్లలకు ఈ ఖాతాలను నిషేధించింది.

పెద్దలపై జరిగిన ప్రయోగాలు కూడా ఉన్నవి. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో 143 మంది విద్యార్థులలో కొందరు మూడు వారాలపాటు ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, స్నాప్‌చాట్ ఒక్కొక్కటి రోజుకు 10 నిమిషాలకు పరిమితం చేసుకొన్నారు. వారిలో ఒంటరితనం, దిగులు తగ్గినవి. ఈ ఫలితాలు 2018లో ప్రచురితమైనవి. పూర్తిగా మానినవారు కాదు, పరిమితం చేసుకొన్నవారు అన్నది గమనార్హం. అదే సంవత్సరం అమెరికాలో నాలుగు వారాలు ఫేస్‌బుక్ మూసుకొన్నవారికి రోజుకు సుమారు గంట కాలం మిగిలిందని, వారి మనఃస్థితి కొద్దిగా మెరుగుపడిందని మరొక అధ్యయనం తెలిపింది.

డల్లాస్‌లో ఉన్న మనవరాలి ముఖాన్ని తెర మీద చూసి మాట్లాడే నాయనమ్మకు అది తెర కాదు, కిటికీ. ఊరి పొలంలో పైరు తెగులును ఫోటో తీసి వ్యవసాయాధికారికి పంపే రైతుకు అది పనిముట్టు. ఒక పని మీద తెరిచి, పని కాగానే మూసే వాడకం వేరు. ఏ పనీ లేక తెరిచి, ఎందుకు తెరిచామో మరచే వాడకం వేరు. మన లెక్కలో కోత పడవలసినది రెండవదానికే.

మన పండుగలు దాచిన ఆరుబయలు

ప్రకృతిలో గడపడానికి మనకు ప్రత్యేక శిక్షణ అక్కరలేదు. మన సంవత్సర చక్రంలోనే అది అల్లుకొని ఉన్నది. రథసప్తమినాడు జిల్లేడాకులు తలపై ఉంచుకొని స్నానం, తులసికోట ఎదుట ఎండలో పాలు పొంగించడం. వినాయక చవితికి 21 రకాల పత్రి సేకరణ. అట్లతద్దినాడు తెల్లవారుజామున ఆటలు, ఉయ్యాలలు. కార్తీకంలో ఉసిరిచెట్టు కింద వనభోజనం. వీటిలో ప్రతిదీ ఇంటివారందరినీ గుమ్మం దాటించేదే.

నేడు పత్రిని సంచిలో కట్టి అంగడిలో అమ్ముతున్నారు. పూజకు అది చాలవచ్చును. కాని ఉత్తరేణిని, వావిలిని, రేగును, జమ్మిని పిల్లవాడు గుర్తుపట్టే అవకాశం అందులో లేదు. సంవత్సరానికి ఒక్కనాడైనా పిల్లలను వెంటబెట్టుకొని పత్రి కోయవలెను. ఉమ్మెత్త, గన్నేరు, జిల్లేడు విషమొక్కలని, నోట పెట్టరాదని, పాలు కంట పడరాదని అప్పుడే చెప్పవలెను. ఒక్క ఉదయంలో వారికి వృక్షశాస్త్రం, వైద్యం రెండూ తెలుస్తాయి.

నగరవాసులకు కూడా దారి లేకపోలేదు. హైదరాబాదులో 1998లో జాతీయ ఉద్యానంగా ప్రకటించిన కె.బి.ఆర్. పార్కు, విశాఖలో సముద్రతీరం, విజయవాడలో కృష్ణ ఒడ్డు, చిన్న పట్టణాలలో చెరువుగట్టు, ఇవేవీ అందుబాటులో లేనివారికి కాలనీలోని వేపచెట్టు చాలును. అపార్టుమెంటులో నాలుగవ అంతస్తులో ఉండేవారు తులసి, వాము, మరువం, కలబంద కుండీలు పెంచి, ఉదయం నీరు పోస్తూ పది నిమిషాలు వాటి వద్ద గడిపినా, ఏమీ లేనిదానికన్న మేలు.

పాదాంశిక క్రమం: పావు వంతు చొప్పున మార్పు

అలవాటైన అహితాన్ని ఒక్కసారిగా మానరాదని, పావు వంతు చొప్పున తగ్గిస్తూ, ఆ స్థానంలో హితాన్ని పావు వంతు చొప్పున చేర్చుతూ, మధ్యమధ్య కొన్ని దినాలు నిలదొక్కుకోవాలని చరకుడు చెప్పాడు. దీనికి పాదాంశిక క్రమమని పేరు. ఈ విధంగా పోయిన దోషం తిరిగిరాదట. వచ్చిన గుణం స్థిరపడుతుందట. ‘రేపటి నుండి సెల్‌ఫోన్ ముట్టను’ అనే ప్రతిజ్ఞలు మూడవనాటికి భంగమయ్యేది ఈ క్రమం పాటించనందువల్లనే.

సామాజిక మాధ్యమాలలో రోజుకు రెండు గంటలు గడిపేవారికి పావు వంతు అనగా 30 నిమిషాలు. వారు ఇట్లు ఆచరించవచ్చును.

మొదటి వారం: నిద్రకు ముందరి 30 నిమిషాలు తీసివేయవలెను. సెల్‌ఫోన్‌ను పడకగది వెలుపల ఉంచి, మేలుకొలుపునకు మామూలు అలారం గడియారం వాడవలెను. ఆ కాలాన్ని కింద చెప్పిన పాదాభ్యంగానికి, నిద్రకు ఇవ్వవలెను.

రెండవ వారం: ఉదయం లేచిన వెంటనే చూసే 30 నిమిషాలు తీసివేయవలెను. దంతధావనం కాగానే ఆరుబయట నడవవలెను. శరీరానికి అతి శ్రమ కాని నడకనే శాస్త్రం మెచ్చుకొన్నది; ఆయాసపడనవసరం లేదు. వారానికి నాలుగు రోజులు నడిచినా 120 నిమిషాల గురి నెరవేరుతుంది.

మూడవ వారం: సాయంకాలపు 30 నిమిషాలు తీసివేసి ఇంటివారందరూ కలిసి బయట గడపవలెను. పిల్లలకు మైదానంలో ఆట, పెద్దలకు బెంచీ మీద కబుర్లు. ఫోన్లు ఇంట్లోనే ఉండవలెను. చేతిలో ఫోనుతో తోటలో కూర్చోవడం తోటలో కూర్చోవడం కాదు.

నాలుగవ వారం: మిగిలిన 30 నిమిషాలను అలాగే ఉంచవలెను. బంధుమిత్రుల యోగక్షేమాలకు, అవసరమైన సమాచారానికి ఇది చాలును. పైన చెప్పిన విద్యార్థులకు మేలు చేసిన పరిమితి కూడా ఇంతే.

ఈ క్రమం పిల్లలకు విధించే ముందు తల్లిదండ్రులు స్వయంగా ఆచరించవలెను. తండ్రి భోజనాల బల్ల దగ్గర తెర చూస్తూ కుమారుని మందలిస్తే ఆ మాట నిలువదు. ఏడాది నిండని శిశువులకు తెర అసలు చూపరాదని, రెండు నుండి నాలుగేళ్ళ పిల్లలకు రోజుకు గంటకు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సూచించింది. ‘ఫోను చూపితే తప్ప అన్నం తినడు’ అనే ఇళ్ళలో చందమామను, కాకిని, వీధిలోని ఆవును చూపుతూ తినిపించే పాత పద్ధతిని తిరిగి మొదలుపెట్టవచ్చును.

అలసిన కళ్ళకు, మనస్సుకు గృహోపచారాలు

1. పాదాభ్యంగం: నువ్వులనూనెను గోరువెచ్చగా చేసి, రాత్రి పడుకొనే ముందు అరికాళ్ళకు పది నిమిషాలు మర్దన చేయవలెను. పాదాభ్యంగం కంటికి మేలని, నిద్ర కలిగిస్తుందని ఆయుర్వేదం చెబుతున్నది. తరువాత నూనెను గుడ్డతో బాగా తుడవవలెను. లేనిచో కాలు జారే ప్రమాదం ఉన్నది. పాదాలపై పుండ్లు ఉన్న మధుమేహ రోగులు వైద్యుని అడగక చేయరాదు.

2. శిరోభ్యంగం: వారానికి రెండు పర్యాయాలు నువ్వులనూనెతోగాని, కొబ్బరినూనెతోగాని తలకు, చెవుల వెనుక, మెడకు మృదువుగా మర్దన చేసి, గంట తరువాత స్నానం చేయవలెను.

3. నిద్రకు పాలు: ఒక గ్లాసు గోరువెచ్చని పాలలో చిటికెడు జాజికాయ పొడి కలిపి రాత్రి సేవించవచ్చును. జాజికాయ చిటికెడు మించరాదు. ఎక్కువైతే హాని చేస్తుంది. గర్భిణులు, చిన్నపిల్లలు వాడరాదు.

4. కంటికి విశ్రాంతి: తెర మీద పని తప్పనివారు ప్రతి 20 నిమిషాలకు ఒకసారి 20 అడుగులకు పైగా దూరంలో ఉన్నదానిని 20 సెకనులు చూడవలెను. అది కిటికీ అవతలి చెట్టయితే మరీ మంచిది. రెండు అరచేతులను రుద్ది వెచ్చచేసి, మూసిన కళ్ళపై ఒత్తిడి లేకుండా ఉంచుకొనవచ్చును. మూసిన రెప్పలపై చల్లని నీరు చిలకరించుకొనవలెను.

5. కంటిలో వేయరానివి: ఇంట్లో కాచిన త్రిఫల కషాయం, తేనె, పన్నీరు మొదలైనవి కంటిలో వేసుకొనరాదు. శుద్ధి లోపిస్తే కంటికి తీవ్రమైన ఇన్ఫెక్షన్ కలుగుతుంది. నేత్ర చికిత్సలు వైద్యుని పర్యవేక్షణలోనే జరగవలెను.

ఆరుబయట తీసుకొనవలసిన జాగ్రత్తలు

ఉదయించే సూర్యుడైనా సరే, తదేకంగా చూడరాదు. వేసవిలో, ముఖ్యంగా రోహిణి కార్తెలో, ఉదయం పది నుండి సాయంకాలం నాలుగు వరకు ఎండలో తిరగరాదు. ఉబ్బసం ఉన్నవారు చలికాలంలో మంచు విడిచిన తరువాత నడవవలెను. వాహనాల పొగ ఎక్కువగా ఉన్న రోడ్డు పక్కన నడవడం కన్న లోపలి వీధి నయం. సంధ్యవేళ దోమల నుండి కాపాడుకొనుటకు నిండుచేతుల దుస్తులు ధరించవలెను. వానాకాలం గడ్డిలో నడిచేటప్పుడు చెప్పులు తప్పనిసరి.

ఒక ముఖ్య విషయం. చెట్టు నీడ మందుకు తోడే గాని మందుకు బదులు కాదు. రెండు వారాలకు మించి దిగులు వదలకపోవడం, నిద్ర పట్టకపోవడం, ఏ పని మీదా ఆసక్తి లేకపోవడం, బ్రతుకు మీద విరక్తి మాటలు మాట్లాడడం కనిపిస్తే ఆలస్యం చేయక మానసిక వైద్యుని సంప్రదించవలెను. ఇందులో సిగ్గుపడవలసినదేమీ లేదు. మెడనొప్పి చేతిలోకి తిమ్మిరిగా దిగినా, చూపు మసకబారినా వైద్యుని చూడవలెను.

పాఠకులు ఈ రాత్రే ఒక చిన్న లెక్క వేసుకొనవచ్చును. నేటి సెల్‌ఫోన్లు ఏ పనికి ఎన్ని నిమిషాలు పట్టిందో తామే చూపుతాయి. ఆ సంఖ్యను ఒక కాగితం మీద రాసి, పక్కన ఆరుబయట గడిపిన నిమిషాలను రాయండి. రెంటినీ 24 చేత భాగిస్తే గడియలు వస్తాయి. ఇట్లు ఏడు రోజులు రాసి, ఇంటివారందరూ కలిసి చూసుకొనవలెను. మొదటి వరుస నుండి ఒక్క గడియను రెండవ వరుసలోకి మార్చగలిగితే, ఆ ఇంట చికిత్స మొదలైనట్లే.